ఇద్దరూ కలిసి కొండెక్కే ముందు

అమ్మలూ,

నువ్వూ నీ స్నేహితురాలూ కలిసి కొండ పరుగుకు పేర్లు ఇచ్చారని చదివినప్పటి నుంచి నా ధ్యాసంతా మీ మీదే ఉంది. 100 కిలోమీటర్ల దూరం, 5,200 మీటర్ల ఎక్కుడు, 28 గంటల కటాఫ్, అంటే ఆలోగా ముగించి తీరాలి. ఇద్దరికీ ఇదే మొదటి వంద. చాలా సంతోషంగా ఉంది, కాస్త భయంగానూ ఉంది. ఆ భయాన్ని నీ దగ్గర దాచను.

నువ్వు అడిగినవి మూడు. ఏ బూట్లు కొనాలి, పోల్స్ (ఊతకర్రలు) అవసరమా, వారానికి ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తాలి. మూడింటికీ జవాబు రాస్తాను, కొంచెం ఆగు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి నువ్వు అడగలేదు. ఆ 28 గంటలూ మీరిద్దరూ కలిసి ఎలా ఉండబోతున్నారు?

"చిన్నప్పటి నుంచీ కలిసే ఉన్నాం కదా పెద్దమ్మా" అంటావు. నిజమే. కానీ ఒంటరిగా పరుగెత్తేవాళ్లు ఒక ఒంటినీ ఒక కడుపునీ ఒక మనసునీ చూసుకుంటే చాలు. మీకు అన్నీ రెండేసి. నీ కాళ్లు ఉషారుగా ఉన్న గంటలో ఆమెకు కడుపు తిప్పుతుంది. ఆమెకు ఊపు వచ్చిన గంటలో నీకు నిద్ర ముంచుకొస్తుంది. ఇద్దరి మంచి గంటలూ ఒకేసారి రావడం అరుదు. కాబట్టి తోడు ఉంది కదా, సులువవుతుందిలే అనుకోకు. వేగం తగ్గుతుంది, ఓపిక ఎక్కువ కావాలి. కానీ ఒకరికొకరు నిజం చెప్పుకునే జంట అయితే ప్రాణానికి అంతకు మించిన భద్రత కొండ మీద ఇంకోటి లేదు.

నా సంగతి చెబుతాను. నా నేస్తమూ నేనూ మొదటిసారి ఇలాంటి దూరానికి వెళ్లినప్పుడు ముందుగా ఏమీ మాట్లాడుకోలేదు. స్నేహితులం కదా, అన్నీ అవే సర్దుకుంటాయనుకున్నాం. 68వ కిలోమీటరు దాటాక దారి కొండ వెన్ను మీదికి ఎక్కింది. చీకటి పడే వేళ. వాన మొదలైంది, పక్క నుంచి ఈదురుగాలి. నేను ముందు, తను వెనక. పది నిమిషాలకోసారి వెనక్కి తిరగకుండానే "ఎలా ఉన్నావ్?" అని అరిచేదాన్ని. "బాగానే ఉన్నా, నువ్వు పద" అనేది. గంటకు పైగా అలాగే నడిచాం. ఒక మలుపు దగ్గర హెడ్‌ల్యాంప్ తీసుకుందామని ఆగి వెనక్కి చూశాను. తను ఇరవై అడుగుల దూరంలో నిలబడి జాకెట్ జిప్పుతో అవస్థ పడుతోంది. జిప్పు పొట్ట దాకా వచ్చి ఆగింది, పైకి లాగలేకపోతోంది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి ఆనడం లేదు. జిప్పు కొస వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది. జారిపోయిందని తెలియక, ఖాళీ వేళ్లను అలాగే గడ్డం దాకా లాగుతోంది. మళ్లీ కిందికి తెచ్చి మళ్లీ లాగుతోంది. పరుగున వెళ్లి చేయి పట్టుకుంటే రాయిలా ఉంది.

"ఎప్పటి నుంచి ఇలా?" అన్నాను.

మాట ముద్దముద్దగా వచ్చింది. "నా వల్ల నీ రేసు పోతుందని..." అంది.

నా దగ్గరున్న పొడి బట్టలన్నీ తొడిగి, ఎమర్జెన్సీ దుప్పటి చుట్టి, భుజం కింద చేయి వేసి నడిపించుకుంటూ మూడు కిలోమీటర్లు దిగడానికి గంటన్నర పట్టింది. దారిలో తిండీ నీళ్లూ సాయమూ దొరికే ఎయిడ్ స్టేషన్‌లో ఇద్దరం బిబ్‌లు, అంటే ఛాతీ మీది నంబరు పట్టీలు, తీసి ఇచ్చేశాం. తను కోలుకుంది. కానీ ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. తను దాచింది ప్రేమతోనే. ఆ ప్రేమే తనను చావు అంచు దాకా తీసుకెళ్లింది. నేనేమో అడిగాను గానీ తిరిగి చూడలేదు.

అపరిచితుల దగ్గర మనం నొప్పి దాచం, అమ్మలూ. స్నేహితుల దగ్గరే దాస్తాం. ఈ ఉత్తరంలో మిగతా అంతా మర్చిపోయినా ఇదొక్కటీ గుర్తుపెట్టుకో. ఆ రోజు మొత్తానికి "బాగానే ఉన్నాను" అనే మాట మీ ఇద్దరి మధ్యా నిషేధం. గంటకోసారి ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, మూడే మూడు విషయాలు చెప్పుకోండి. ఈ గంటలో ఏం తిన్నావు, ఏం తాగావు. ఒంట్లో ఎక్కడ నొప్పి, పోయిన గంట కంటే పెరిగిందా తగ్గిందా. చలిగా ఉందా, వేడిగా ఉందా. జవాబులు వివరంగా ఉండాలి. "ఎడమ మడమ రాసుకుంటోంది, అరగంట నుంచి" అన్నది జవాబు. "పర్లేదు" అన్నది జవాబు కాదు.

ఇక బయలుదేరక ముందే తేల్చుకోవాల్సినవి. ఒక ఆదివారం ఇద్దరూ తీరిగ్గా కూర్చోండి, కాగితం మీద రాసుకోండి. మనం చివరి దాకా కలిసే ఉంటామా, లేక ఏదో ఒక ఎయిడ్ స్టేషన్ దాటాక ఎవరి దారి వాళ్లదా? ఒకరు మానేయాల్సి వస్తే రెండోవాళ్లు కొనసాగాలా, ఆగాలా? కటాఫ్‌కు దగ్గర పడుతున్నాం, ఒకరు ఇంకా వేగంగా వెళ్లగలరు, అప్పుడేం చేద్దాం? ఈ ప్రశ్నలకు అందరికీ ఒకటే సరైన జవాబు ఉండదు. మీ ఇద్దరికీ నచ్చిన జవాబు ఉంటే చాలు. కానీ అది తెల్లవారుజామున మూడు గంటలకు, వణుకుతూ, ఏడుపు గొంతుతో వెతుక్కోవాల్సిన జవాబు కాదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు ఇంకో పరుగులో 60వ కిలోమీటరు దగ్గర నా నేస్తం చీలమండ మడత పడింది. ఎయిడ్ స్టేషన్ దాకా కలిసే వెళ్లాం. వైద్యుడి చేతికి అప్పగించాను, వెచ్చగా కూర్చోబెట్టాను. తను నా సీసాలు నింపి ఇచ్చి "ఇక వెళ్లు" అంది. వెళ్లాను. ముందే అనుకున్నాం కాబట్టి నా మనసులో ముల్లు లేదు, తన మనసులోనూ లేదు. ముగింపు గీత దగ్గర కట్టు కట్టిన కాలు చాపుకుని నా కోసం కూర్చుని ఉంది.

కలిసి వెళ్లడం అన్నది రకరకాలుగా ఉంటుంది. ఆల్ప్స్ కొండలను దాటుతూ సాగే ట్రాన్సాల్పైన్ రన్ అనే రోజుల తరబడి పోటీలో ఇద్దరిద్దరి జట్లుగా పరుగెత్తుతారు. అక్కడ జంటలో ఇద్దరి మధ్య ఎడం రెండు నిమిషాలు దాటకూడదని నియమమే ఉంది. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో 1932లో బాబ్ గ్రాహం అనే ఆయన 24 గంటల లోపు 42 శిఖరాలు చుట్టి వచ్చాడు. ఆ చుట్టు పూర్తిచేసినట్టు ఆయన పేరిటి క్లబ్బు గుర్తించాలంటే ఈనాటికీ ప్రతి శిఖరం మీదా పక్కన ఇంకొకరు సాక్షిగా ఉండాలి. ఇక కొలరాడోలో హార్డ్‌రాక్ 100 అని వంద మైళ్ల పరుగు, మొత్తం ఎక్కుడు 10,000 మీటర్ల పైమాటే. 2016లో అక్కడ ముందు వరుసలో ఉన్న కిలియన్ జోర్నెట్, జేసన్ ష్లార్బ్ ఒకరినొకరు ఓడించుకోవాలని చూడకుండా చేయీ చేయీ పట్టుకుని, 23 గంటలు నిండకుండానే కలిసి ముగించారు. గెలుపు ఇద్దరిదీ అయింది. ఆ స్థాయి వాళ్లకే కలిసి వెళ్లడం చిన్నతనం కాలేదు.

దారిలో ఎవరు ముందుండాలి అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. ఆ గంటలో ఎవరు నెమ్మదిగా ఉన్నారో వాళ్లే ముందు నడవాలి. వేగంగా ఉన్నవాళ్లు ముందుంటే వెనకవాళ్లు అందుకోవాలని తెలియకుండానే శక్తికి మించి లాగుతారు, పైగా వాళ్లకేం అవుతోందో ముందువాళ్లకు కనబడదు. నెమ్మదిగా ఉన్నవాళ్లు ముందుంటే అడుగు ఎలా పడుతోందో, భుజం ఒక పక్కకు వాలుతోందో వెనకనుంచి చక్కగా తెలుస్తుంది. నువ్వు ఎక్కుడులో గట్టిదానివి, ఆ అమ్మాయి దిగుడులో గట్టిది అని రాశావు. అయితే ఎక్కుతున్నంతసేపూ ఆమె ముందు, దిగుతున్నంతసేపూ నువ్వు ముందు. దిగుడులో మాత్రం పది పన్నెండు అడుగుల ఎడం ఉంచండి. కాలి కింద రాయి దొర్లితే ముందున్నవాళ్ల మీద పడుతుంది. పైగా మరీ దగ్గరగా ఉంటే వెనకవాళ్లకు తాము అడుగు ఎక్కడ వేయాలో కనబడదు.

వేగం గురించి నీకు ఇప్పటి నుంచే లెక్క అలవాటు కావాలి. రోడ్డు మీది వేగాలు మర్చిపో. ట్రయిల్ పరుగుల్లో, అంటే కొండదారుల పరుగుల్లో, వాడే తేలికైన లెక్క ఒకటుంది. ప్రతి 100 మీటర్ల ఎక్కుడునూ ఒక అదనపు కిలోమీటరుగా కలుపుకోవాలి. అలా చూస్తే మీది 100 కాదు, 152 కిలోమీటర్ల శ్రమ. స్కాట్లండ్‌లో నైస్మిత్ అనే కొండల ప్రేమికుడు 1892లోనే ఇంకో లెక్క చెప్పాడు. ఐదు కిలోమీటర్ల దూరానికి ఒక గంట, పైగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ మరో గంట. ఆ లెక్కన మీకు 20 గంటలు దూరానికి, దాదాపు తొమ్మిది గంటలు ఎక్కుడుకు. మొత్తం 29. మీ కటాఫ్ 28. అంటే చదునుగా ఉన్నచోటా దిగుడులోనూ పరుగెత్తి తీరాలి, ఎక్కుడులో నిలకడగా నడవాలి. ఎక్కుడంతా నడకే. మేటి రన్నర్లు కూడా నిటారు ఎక్కుళ్లలో నడుస్తారు. మొదటి మూడు గంటలూ ఇద్దరూ ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడుకోగలగాలి. మాట మధ్యలో తెగుతోందంటే వేగం ఎక్కువైందన్నమాట. తోడుండటం వల్ల ఈ కొలత మీకు ఉచితంగా దొరుకుతోంది.

సమయం ఎక్కువగా కారిపోయేది దారిలో కాదు, ఎయిడ్ స్టేషన్లలో. పది స్టేషన్లలో పది నిమిషాల చొప్పున ఆగితే గంటా నలభై నిమిషాలు పోయినట్టే. ఇద్దరుంటే అది ఇంకా పెరుగుతుంది. ఒకరు సిద్ధమయ్యేసరికి రెండోవాళ్లు సాక్సులు వెతుకుతుంటారు, వాళ్లు లేచేసరికి మొదటివాళ్లు మళ్లీ కూర్చుంటారు. మేం ఏం చేసేవాళ్లమంటే, స్టేషన్ ఇంకా ఒక కిలోమీటరు ఉందనగా ఎవరేం చేయాలో పైకి చెప్పుకునేవాళ్లం. "నేను రెండు సీసాలూ నింపుతా, ఉప్పు వేసుకుంటా, కుడికాలికి టేపు వేస్తా." "నేను బంగాళాదుంపలు తీసుకుంటా, బ్యాటరీ మారుస్తా." చెప్పిన పనులే చేసి, చేతిలో తిండి పట్టుకుని నడుస్తూ తినేవాళ్లం.

ఇప్పుడు సాధన. వారానికి ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా ఎన్ని గంటలు, ఎన్ని మీటర్ల ఎక్కుడు అని అడుగు. నా మాట వింటే మెల్లగా పెంచుకుంటూ పోయి, బాగా గట్టి వారాల్లో ఎనిమిది నుంచి పది గంటలు, 1,500 నుంచి 2,000 మీటర్ల ఎక్కుడు దాకా రా. మూడు వారాలు పెంచితే ఒక వారం తగ్గించు. వారాంతంలో ఒకరోజు ఐదు గంటలు, మర్నాడు అలసిన కాళ్లతోనే మూడు గంటలు. ఒకేరోజు పది పన్నెండు గంటలు పరుగెత్తి నెలంతా కుంటడం కంటే ఇది మేలు.

అందరూ ఎక్కుడు సాధన చేస్తారు. కాళ్లు విరిచేది మాత్రం దిగుడు. దిగేటప్పుడు తొడ ముందు భాగంలోని కండరం సాగుతూ ఉండగానే బిగుసుకుని మన బరువును ఆపాలి. ఆ పనిలో కండరపు పోగులు సన్నసన్నగా చిట్లుతాయి, మర్నాడు మెట్లు దిగలేనంత నొప్పి అందుకే. మంచి సంగతేంటంటే, ఒకసారి గట్టిగా దిగి కోలుకున్న కండరం తర్వాత కొన్ని వారాల పాటు అదే దెబ్బను చాలా తేలిగ్గా ఓర్చుకుంటుంది. అందుకని పరుగుకు మూడు వారాల ముందు ఒక పెద్ద దిగుడు చేసి, ఆ తర్వాత తగ్గించుకుంటూ రండి. దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు, చూపు నాలుగైదు అడుగుల ముందు, ఒళ్లు వెనక్కి వాలకుండా. భయంతో వెనక్కి వాలితేనే కాలు జారుతుంది.

కలిసి కనీసం రెండు పరుగులు చేయండి. ఒకటి రాత్రంతా. ఒకటి వానలో, పరుగు రోజు వేసుకునే బట్టలతో, మోసే సంచితో. ఒకరి గురించి ఒకరికి తెలియాల్సింది అక్కడ తెలుస్తుంది. అలసిపోతే ఆ అమ్మాయి గలగలా మాట్లాడుతుందా, మౌనంగా అయిపోతుందా? నువ్వు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆకలేస్తే విసుక్కుంటావు, అది నాకు తెలుసు. ఆమెకూ తెలియాలి. దారిలో గొడవ వచ్చిందంటే ముందు ఇద్దరూ ఏదో ఒకటి తినండి, పది నిమిషాలు నడవండి. పదింట తొమ్మిది గొడవలు కడుపు ఖాళీవి.

తిండి సంగతి వచ్చింది కాబట్టి. గంటకు 60 గ్రాముల పిండిపదార్థాలు లక్ష్యంగా పెట్టుకో. ఒక జెల్‌లో, అంటే పరుగెత్తుతూ తినే తీపి గుజ్జు పొట్లంలో, సాధారణంగా 20 నుంచి 25 గ్రాములు ఉంటాయి. మొదటి గంటలోనే మొదలుపెట్టాలి, ఆకలి వేసేదాకా ఆగకూడదు. కడుపుకూ సాధన కావాలి, లాంగ్ రన్‌లలో అదే తిండి తిని అలవాటు చేయి. ఒకే తీపి గంటల తరబడి ఎక్కదు. ఉప్పు వేసిన ఉడికించిన బంగాళాదుంప, వేడి సూపు, అరటిపండు లాంటివి మార్చి మార్చి తీసుకో. అరగంటకోసారి మోగేలా ఇద్దరూ గడియారంలో అలారం పెట్టుకోండి, కానీ ఒకరి అలారానికి రెండోవాళ్లు తిన్నారో లేదో చూడటం మీ పని. కడుపు తిప్పితే వేగం తగ్గించి ఇరవై నిమిషాలు నడవండి. గట్టిగా పరుగెత్తేటప్పుడు రక్తం ఎక్కువగా కాళ్లకు వెళ్తుంది, కడుపుకు చాలినంత అందదు, తిన్నది అందుకే అరగదు.

నీళ్లు దాహం వేసినంత తాగు, అంతే. "తాగుతూనే ఉండండి" అని ఎవరన్నా వినకు. చెమటతో పోయినదాని కంటే మరీ ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. అది ప్రాణం తీసే స్థితి. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, గడియారం పట్టీ కోసుకుపోవడం, తలనొప్పి, వాంతి, మాట తికమకగా రావడం దాని గుర్తులు. అలాంటప్పుడు ఇంకా నీళ్లు పట్టకూడదు, వైద్యుడి దగ్గరికి చేర్చాలి.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు పరుగులో వేసుకోవద్దు. నీరు తగ్గి, కండరాలు చితికి ఉన్న ఒంట్లో అవి మూత్రపిండాల మీద దెబ్బ తీస్తాయి. మూత్రం కోలా రంగులోకి వస్తే అది చితికిన కండరాల్లోని పదార్థం మూత్రంలో దిగుతోందన్న హెచ్చరిక. పరుగు అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఇది సిగ్గుపడి దాచుకునే విషయం కాదు, గంటగంటకూ చెప్పుకునే వాటిలో ఇదీ ఉండాలి.

చలి గురించి మళ్లీ రాస్తాను, విసుక్కోకు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు పడిపోతుంది. దానికి తడి, గాలి తోడైతే ఎండాకాలంలో కూడా మనిషి చల్లబడి చనిపోవచ్చు. 2021 మే 22న చైనాలోని గాన్సులో 100 కిలోమీటర్ల కొండ పరుగు జరిగింది. ఎత్తైన చోటికి చేరేసరికి వడగళ్లు, చల్లని వాన, పెనుగాలి. బయలుదేరిన 172 మందిలో 21 మంది చనిపోయారు. వాళ్లలో దేశంలోకెల్లా మేటి అల్ట్రా రన్నర్లు, అంటే మారథాన్‌కు మించిన దూరాలు పరుగెత్తేవాళ్లు, ఉన్నారు. గాలి ఆపే జాకెట్ ఆ పరుగు తప్పనిసరి జాబితాలో లేదు, చాలామంది పలచటి బట్టలతో ఉన్నారు. అక్కడ గొర్రెలు కాసుకునే ఒకాయన ఆరుగురిని గుహలోకి చేర్చి, నిప్పు రాజేసి బతికించాడు. ఆ వార్త చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. నా నేస్తం వేళ్లే కళ్ల ముందు ఆడాయి.

కాబట్టి మీ జాబితాలో ఉన్నా లేకపోయినా ఒక్కొక్కరి సంచిలో నీళ్లు చొరబడని జాకెట్, ఒంటికి అంటుకునే వెచ్చటి పొడి చొక్కా, చేతి తొడుగులు, టోపీ, ఎమర్జెన్సీ దుప్పటి ఉండాలి. పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టండి. "ఇద్దరికీ కలిపి ఒకటి చాల్లే" అని ఏ ఒక్క వస్తువునూ పంచుకోవద్దు. విడిపోయిన క్షణంలో ఎవరి దగ్గర లేదో వాళ్లకే అది కావాల్సి వస్తుంది. జాకెట్ చలి వేశాక కాదు, వాన మొదటి చినుక్కే వేసుకోండి. ఒళ్లు చల్లబడటానికి గుర్తు తడబాటు. మాట తడబడుతుంది, అడుగు తడబడుతుంది, చేయి తడబడుతుంది. మనిషికి విసుగు ఎక్కువవుతుంది, తనకేం కాలేదని వాదిస్తుంది. అది తనకు తెలియదు, పక్కనున్నవాళ్లకే తెలుస్తుంది. బాగా వణుకుతున్న మనిషి హఠాత్తుగా వణకడం ఆపితే హమ్మయ్య అనుకోకు. వేడెక్కిందని కాదు, ఒంట్లో వేడి పుట్టించే శక్తి అయిపోతోందని. మీలో ఎవరు "దిగుదాం" అన్నా రెండోవాళ్లు వాదించకుండా దిగాలి. ఇదీ కాగితం మీద రాసుకోండి.

ఒక్కొక్కరి మెడలో ఒక ఈల. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. కొండల్లో సాయం కోరే గుర్తు అది. మూడుసార్లు వినబడితే జవాబు వచ్చినట్టు.

రాత్రి గురించి. ఒక్కొక్కరికి రెండు హెడ్‌ల్యాంపులు, అదనపు బ్యాటరీలు. చలిలో బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఒంటికి దగ్గరగా జేబులో పెట్టుకో. రెండు గంటల నుంచి తెల్లవారే దాకా ఉండే సమయమే అన్నిటికంటే కష్టం. బండరాయి కూర్చున్న మనిషిలా కనిపిస్తుంది, చెట్టు వేరు పాములా కదులుతుంది. భయపడకు, నిద్ర లేని మెదడు చేసే పని అది. "నాకు అక్కడ ఎవరో కూర్చున్నట్టుంది" అని పైకి చెప్పు. ఆ అమ్మాయి లైటు వేసి "రాయి" అంటుంది. ఆ ఒక్క మాటతో సగం భారం దిగుతుంది. ఇద్దరికీ కళ్లు మూసుకుపోతుంటే ఎయిడ్ స్టేషన్‌లో పదిహేను నిమిషాలు పడుకోండి, అలారం పెట్టుకుని. దారి పొడవునా కట్టిన గుర్తులు తప్పిపోయామని అనుమానం వస్తే ముందుకు వెతుక్కుంటూ వెళ్లకండి. చివరిసారి గుర్తు చూసిన చోటికి వెనక్కి రండి. ఇద్దరున్నప్పుడు ఒకరు చూస్తున్నారులే అని రెండోవాళ్లు అనుకుని, ఇద్దరూ చూడకుండా దారి తప్పడం చాలా మామూలు. గంటకొకరు వంతు వేసుకోండి, "ఇప్పుడు దారి నాది" అని చెప్పి తీసుకోండి.

ఆ వేళలోనే మానేద్దామనిపిస్తుంది. కుర్చీలో కూర్చుని, చలికి ముడుచుకుని ఆ నిర్ణయం తీసుకోవద్దు. ముందు వెచ్చటి సూపు, పొడి సాక్సులు, ఇరవై నిమిషాలు. అప్పుడు కూడా మానేయాలనిపిస్తే మానేయండి. బద్ధకం, దిగులు, బొబ్బలు, కాళ్ల సలుపు ఇవన్నీ దాటిపోయేవే. దాటనివి వేరే ఉన్నాయి. గుండెలో నొప్పి. మాట, ఆలోచన తికమక పడటం. గంటల తరబడి నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం. నడక తీరు మార్చేసే ఎముక నొప్పి. రెండున్నర వేల మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు పెరుగుతూ పోవడం, దానికి మందు కిందికి దిగడమే. వీటిలో ఏది వచ్చినా ఆ మనిషి తన గురించి తాను నిర్ణయించుకోకూడదు, పక్కనున్నవాళ్లు నిర్ణయించాలి. ఆ హక్కు ఒకరికొకరు ముందే ఇచ్చుకోండి. మానేసేవాళ్లను దారి మధ్యలో ఎప్పుడూ వదలొద్దు. స్టేషన్‌కు చేర్చి, అక్కడి మనుషులకు చెప్పి, బిబ్ అప్పగించాకే రెండోవాళ్లు కదలాలి. చెప్పకుండా వెళ్లిపోతే రాత్రంతా కొండ మీద మీ కోసం వెతుకుతారు.

ఇక నీ మూడు ప్రశ్నల్లో మిగిలినవి. బూట్లు ఏ కంపెనీవైనా సరే, కాలి వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి, ఎందుకంటే గంటలు గడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది, దిగుడులో వేళ్లు ముందుకు గుద్దుకుంటాయి. పట్టు ఉన్న అడుగు కావాలి. పరుగు రోజు నాటికి ఆ బూట్లు కనీసం వంద కిలోమీటర్లు అరిగి ఉండాలి. కాలి గోళ్లు నాలుగు రోజుల ముందే కత్తిరించుకో. బూటులో ఇసుక రేణువు పడ్డట్టు అనిపించినా వెంటనే ఆగి తీయి. "ఆమె ఆగాల్సి వస్తుందే" అని మొహమాటపడి ఐదు కిలోమీటర్లు వెళ్తే ఆ రేణువే బొబ్బ అవుతుంది, ఆ బొబ్బకు ఇద్దరూ గంట ఆగాలి. పోల్స్ తీసుకో. ఇంత ఎక్కుడులో తొడల భారం కొంత చేతులు పంచుకుంటాయి. కానీ సాధనలో వాడకుండా ఆ రోజు మొదటిసారి తీయకు. ఇరుకు దారిలో వెనక నీ స్నేహితురాలు ఉందని గుర్తుంచుకుని, మొన వెనక్కి లేవకుండా పట్టుకో.

ముగించాక ఇద్దరిలో ఎవరూ బండి నడపొద్దు, ఎంత దగ్గరైనా సరే. ముందే ఎవరినైనా పిలిచి పెట్టుకోండి, లేదా అక్కడే నిద్రపోయి లేవండి. తడి బట్టలు వెంటనే మార్చుకోండి, ఆగిన పది నిమిషాలకే చలి పట్టుకుంటుంది. వారం రోజులు పరుగు ఊసెత్తకు. రెండో రోజో మూడో రోజో కారణం లేకుండా దిగులుగా ఉంటుంది. అప్పుడు ఆ అమ్మాయికి ఫోన్ చేయి, ఆమెకూ అలాగే ఉంటుంది.

వచ్చే ఆదివారమే కూర్చోండి. మాట్లాడుకుని, రాసుకుని, ఇద్దరూ సంతకం పెట్టి, ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు. ఏ స్టేషన్‌కు ఎన్ని గంటలకు చేరతారో కూడా రాసి పంపు. రాత్రంతా మేలుకుని చూస్తూ ఉంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ